సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల దీర్ఘకాలిక మార్పులను చేపల దిగుబడితో పోల్చి చూడటం ఎలా?

వలలు ఖాళీగా తిరిగొచ్చిన ఏడాది సముద్రం వేడెక్కడమే కారణమని చెప్పడం ఇప్పుడు తేలికైపోయింది. ఆ మాట కొన్నిసార్లు నిజమే కావచ్చు, కాని నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతిని పాటించకుండా చెప్పిన మాట మీద ఆధారపడి వేట నియమాలు రాసినా, అప్పు చేసి పడవలు కొన్నా చివరికి నష్టపోయేది మత్స్యకార కుటుంబమే. మత్స్యశాస్త్రం చదువుకుంటున్న విద్యార్థులు, మత్స్యశాఖ క్షేత్ర సిబ్బంది, మత్స్యకార సహకార సంఘాల్లో లెక్కలు చూసే యువకులు సొంతంగా ఈ పరిశీలన చేసుకోవడానికి వీలుగా దీన్ని రాస్తున్నాను. ఒక కంప్యూటరు, పట్టికలు వేసుకునే మామూలు సాఫ్ట్‌వేరు, ఉచితంగా దొరికే సమాచారం, కొంత ఓపిక ఉంటే చాలు. ఉదాహరణకు విశాఖపట్నం, కాకినాడల మధ్య తీరాన్ని తీసుకుంటాను. అవసరమైన చోట కేరళ, పెరూ, కాలిఫోర్నియా తీరాల అనుభవాలను తోడు తెచ్చుకుంటాను.

ముందుగా ప్రశ్నను కుదించుకోవాలి

సముద్రపు వేడికి, చేపలకు సంబంధం ఏమిటి అన్న ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే అది ఒకే ప్రశ్న కాదు. ఏ జాతి చేప, ఏ తీరం, దాని జీవితంలో ఏ దశ, ఏడాదిలో ఏ నెలలు అన్న నాలుగు విషయాలను ముందే రాసి పెట్టుకోవాలి. నూనె కవళ్లనే తీసుకుందాం. ఇవి రెండేళ్లు, మహా అయితే రెండున్నరేళ్లు బతికే చేపలు. పుట్టిన ఏడాదిలోనే గుడ్లు పెట్టే దశకు వస్తాయి, పడమటి తీరంలో ప్రధానంగా నైరుతి రుతుపవనాల నెలల్లో గుడ్లు పెడతాయి. ఇలాంటి చేప విషయంలో ఒక చెడ్డ రుతువు ప్రభావం కొద్ది నెలల్లోనే రేవులో కనబడుతుంది. పదేళ్లు, పదిహేనేళ్లు బతికే చేపల్లో అదే ప్రభావం ఎన్నో వయసుల గుంపుల్లో కలిసిపోయి ఆలస్యంగా, మందంగా బయటపడుతుంది. కాబట్టి చిన్న వయసులో చనిపోయే, గుంపులుగా తిరిగే, నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలను తినే కవళ్లు, కానాగంతల వంటి చేపలతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

జాతి అన్న మాటకు వచ్చేసరికి రేవులో ఒక చిక్కు ఉంది. తూర్పు తీరంలో కవళ్లు అన్న ఒకే పేరు కింద పలు జాతులు వస్తాయి, తూకం పుస్తకంలో అన్నీ ఒకే గడిలో పడతాయి. నూనె కవళ్ల శరీరం కొంచెం పొడవుగా, గుండ్రంగా ఉంటుంది, మొప్ప మూత వెనక అంచున నల్లని మచ్చ కనబడుతుంది, మిగతా కవళ్లలో చాలావాటికి కడుపు భాగం వెడల్పుగా, పలకగా ఉంటుంది. ఉష్ణోగ్రత మారినప్పుడు ఒక జాతి తగ్గి మరొకటి పెరిగితే మొత్తం అంకె కదలకపోవచ్చు. అసలు జరిగిన మార్పు ఆ మొత్తం అంకెలోనే దాగిపోతుంది. అందుకని జాతుల వారీ వివరాలు ఉన్న లెక్కలనే తీసుకోవాలి, అవి లేని ఏళ్లను పక్కన పెట్టాలి.

ఉష్ణోగ్రతల సమాచారాన్ని ఎంచుకోవడం

నెలవారీ ఉష్ణోగ్రతలకు మూడు సేకరణలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. అమెరికా సంస్థ నోవా తయారుచేసే ఈఆర్‌ఎస్‌ఎస్‌టీ 1854 నుంచి మొదలవుతుంది, కాని దాని ఒక్కో గడి రెండు డిగ్రీల వెడల్పు, అంటే రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. బ్రిటన్ వాతావరణ సంస్థకు చెందిన హ్యాడ్లీ కేంద్రం ఇచ్చే హ్యాడ్‌ఐఎస్‌ఎస్‌టీ 1870 నుంచి ఒక డిగ్రీ గడులతో దొరుకుతుంది. నోవా వారిదే అయిన ఓఐఎస్‌ఎస్‌టీ 1981 సెప్టెంబరు నుంచి పావు డిగ్రీ గడులతో, రోజువారీగా దొరుకుతుంది. ఉపగ్రహాల కొలతలను ఓడలు, తేలియాడే బోయాల కొలతలతో సరిచూసి దీన్ని తయారుచేస్తారు. విశాఖ ఎదుట ఖండతీరపు తిన్నె, అంటే తీరాన్ని ఆనుకుని లోతు తక్కువగా ఉండే సముద్రపు భాగం, వెడల్పు కొన్ని పదుల కిలోమీటర్లే కాబట్టి రెండు డిగ్రీల గడిలో ఎక్కువ భాగం లోతు సముద్రమే ఉంటుంది, కవళ్లు తిరిగే నీరు అందులో చిన్న అంచు మాత్రమే. తీరానికి దగ్గరి చేపల కోసం పావు డిగ్రీ సేకరణను, దశాబ్దాల ఊగిసలాటను చూడటానికి పాత సేకరణల్లో ఒకదాన్ని, ఇలా రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవడం అవసరం. ఉపగ్రహ యుగం నాలుగు దశాబ్దాలు మాత్రమే. ముప్పై ఏళ్ల పాటు ఒక వైపు మొగ్గి, తరువాత మరో వైపు తిరిగే మార్పును నలభై ఏళ్ల లెక్కలో చూస్తే ఒక్క చుట్టు కూడా సరిగా కనబడదు, అందులో సగం చుట్టును చూసి అదే శాశ్వత ధోరణి అనుకునే ప్రమాదం ఉంది.

పాత కొలతలు ఎలా తీసినవో కూడా తెలిసి ఉండాలి. ఒకప్పుడు ఓడ మీది నుంచి బక్కెట్ దించి నీరు తోడి, అందులో ఉష్ణమాపకం ముంచి చూసేవారు. బక్కెట్ పైకి వచ్చేలోగా గాలికి నీరు ఆవిరై కొంత చల్లబడేది. తరువాత ఇంజను చల్లబరచడానికి లోపలికి తీసుకునే నీటిని కొలవడం మొదలైంది, అది కొంచెం వేడిగా కొలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కొలతల్లో ఎక్కువ భాగం ఇంజను నీటిని కొలిచిన అమెరికా ఓడలవి, యుద్ధం ముగిశాక బక్కెట్లు వాడిన బ్రిటిష్ ఓడల వాటా పెరిగింది. దాంతో 1945లో ప్రపంచ సముద్రమంతా ఒక్కసారిగా చల్లబడినట్టు పాత లెక్కలు చూపాయి. ఈ కారణాన్ని శాస్త్రవేత్తలు 2008లో వివరించారు. ఉపగ్రహాలకూ ఇబ్బందులు లేకపోలేదు. పరారుణ కిరణాలతో కొలిచే పరికరాలు మబ్బుల గుండా చూడలేవు, బంగాళాఖాతంపై జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో చేరిన రేణువుల వల్ల ఉపగ్రహాలు సముద్రాన్ని ఉన్నదానికన్నా చల్లగా చూపాయి. ఇలాంటి దోషాలను చాలావరకు సరిదిద్దారు, అయినా మీ గీతలో ఒక ఏడాది హఠాత్తుగా మెట్టు కనబడితే సముద్రాన్ని అనుమానించే ముందు కొలిచే పద్ధతిని అనుమానించండి.

గడి కట్టడం, విచలనం తీయడం

ఇప్పుడు పటం మీద ఒక పెట్టె గీసుకోవాలి. ఉత్తర అక్షాంశం 16.5 నుంచి 18.5 వరకు, తూర్పు రేఖాంశం 82.25 నుంచి 84.5 వరకు గీస్తే కాకినాడ, విశాఖ తీరాలు రెండూ అందులోకి వస్తాయి. నేల మీద పడే గడులను తొలగించి, మిగిలిన గడుల సగటు తీస్తే నెలకు ఒక అంకె వస్తుంది. పెట్టెను కొంచెం జరిపి, కొంచెం చిన్నది చేసి మళ్లీ లెక్కించి చూడండి. పెట్టె హద్దు మారితేనే మారిపోయే ఫలితాన్ని నమ్మకూడదు.

వచ్చిన నెలవారీ అంకెలను నేరుగా చేపల లెక్కతో పోల్చకూడదు. ఈ తీరంలో నీరు జనవరిలో సుమారు 26 డిగ్రీలకు దిగి, మే నాటికి సుమారు 30కి చేరుతుంది, వానల్లో తగ్గి, సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్లీ కొంచెం పెరుగుతుంది. ఈ రుతువుల ఎగుడుదిగుడు ముందు ఏళ్ల మధ్య తేడా చిన్నది, చాలాసార్లు ఒక డిగ్రీ కూడా ఉండదు. అందుకే ప్రతి నెలకూ ముప్పై ఏళ్ల సగటు కట్టి, ఆ నెల అంకెలోంచి దాన్ని తీసివేయాలి. ఒక జనవరి సగటు 26.8 డిగ్రీలు, ముప్పై ఏళ్ల జనవరుల సగటు 26.4 డిగ్రీలు అనుకుంటే ఆ జనవరి విచలనం 0.4 డిగ్రీలు ఎక్కువ అన్నమాట. ముప్పై ఏళ్లుగా వేటిని ఎంచుకున్నారో తప్పకుండా రాసి పెట్టండి. హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగం 1951, 2015 మధ్య సగటున దాదాపు ఒక డిగ్రీ వేడెక్కిందని భారత భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన మదింపు చెబుతోంది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు 0.7 డిగ్రీలు. అలాంటప్పుడు 1961 నుంచి 1990 దాకా సగటుతో పోలిస్తే ఈ మధ్యకాలపు నెలలు ఎక్కువగా వేడిగానే కనబడతాయి, 1991 నుంచి 2020 దాకా సగటుతో పోలిస్తే వాటిలో కొన్ని మామూలు నెలలుగా కనబడతాయి.

కదలికలను వేరుచేయడం

విచలనాల గీతలో కనీసం మూడు రకాల కదలికలు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయి. మొదటిది దశాబ్దాల పొడవునా సాగే వేడి ధోరణి. రెండోది కొన్నేళ్లకు ఒకసారి పసిఫిక్ మధ్య, తూర్పు భాగాలు వేడెక్కే ఎల్‌నినో, చల్లబడే లానినా, హిందూ మహాసముద్రపు డైపోల్ వంటివి. మూడోది ఇరవై ముప్పై ఏళ్ల పాటు ఒక వైపు మొగ్గి, తరువాత మరో వైపు తిరిగే నెమ్మది ఊగిసలాట. వీటిలో ప్రతి ఒక్కటి చేపలను వేరే దారిలో తాకుతుంది కాబట్టి కలిపి లెక్కిస్తే వచ్చే ఫలితానికి అర్థం ఉండదు.

ధోరణిని వేరుచేయడానికి విచలనాలకు ఒక సరళరేఖ గీసి, దాని ఏటవాలును దశాబ్దానికి ఎన్ని డిగ్రీలో రాసుకుని, ఆ రేఖను తీసివేస్తే సరిపోతుంది. ఏళ్ల స్థాయి మార్పుకు సిద్ధంగా ఉన్న సూచికలను తెచ్చుకోవచ్చు. పసిఫిక్‌లో నినో 3.4 అనే ప్రాంతపు ఉష్ణోగ్రత విచలనం మూడు నెలల సగటుగా అర డిగ్రీ దాటి, ఒకదానిపై ఒకటి వచ్చే అలాంటి అయిదు త్రైమాసికాల పాటు నిలిస్తే దాన్ని ఎల్‌నినోగా లెక్కిస్తారు. డైపోల్ సూచిక హిందూ మహాసముద్రపు పడమటి భాగానికి, సుమత్రా ఎదుటి తూర్పు భాగానికి మధ్య ఉష్ణోగ్రత తేడా. దీన్ని 1999లో గుర్తించారు. 1961, 1994, 1997, 2006, 2019 సంవత్సరాలు దాని బలమైన ధన దశలకు, అంటే పడమటి భాగం వెచ్చగా, తూర్పు భాగం చల్లగా మారిన కాలాలకు, ఉదాహరణలు. ఎల్‌నినో శీతకాలంలో శిఖరానికి చేరాక, హిందూ మహాసముద్రం మొత్తం వేడెక్కడం తరువాతి వసంతంలో, అంటే కొన్ని నెలలు ఆలస్యంగా కనబడుతుంది. ఈ ఆలస్యాన్ని పట్టించుకోకుండా అదే నెల అంకెలను ఎదురెదురుగా పెట్టిన పట్టికలు ఎన్నో చూశాను, వాటిలో ఉన్న సంబంధం కూడా లేనట్టే కనబడుతుంది.

నెమ్మది ఊగిసలాటకు పేరుపడ్డ ఉదాహరణ పసిఫిక్ దశాబ్ద డోలనం. 1976, 77లలో ఉత్తర పసిఫిక్ ఒక స్థితి నుంచి మరో స్థితికి మారినప్పుడు అలాస్కా సాల్మన్ దిగుబడి పెరిగింది. పెరూ తీరంలోనూ ఇలాంటి మలుపు కనబడుతుంది, చల్లని దశాబ్దాల్లో ఆంకోవీలు అనే చిన్న చేపలు, వెచ్చని దశాబ్దాల్లో కవళ్ల వంటి సార్డిన్లు పైచేయి సాధించాయి. బంగాళాఖాతానికి ఇంత స్పష్టమైన దశాబ్దాల సూచిక ఏదీ అలవాటుగా వాడుకలో లేదు. అందువల్ల పసిఫిక్ సూచికను తెచ్చి మన తీరానికి అతికించకుండా, పాత సేకరణ నుంచి మీ పెట్టెకే పదేళ్ల చలన సగటు, అంటే ఏడాదికేడాది ముందుకు జరుపుతూ తీసే పదేళ్ల సగటు, గీసి చూడటం నిజాయతీ గల పని.

ఉష్ణోగ్రత దేనికి గుర్తు?

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసిన విషయం ఉంది. చేప శరీరం మీద నీటి వేడి నేరుగా పనిచేస్తుంది, నిజమే. గుడ్డు పొదిగే వేగం, పెరుగుదల, ఊపిరికి కావలసిన ఆక్సిజన్ అన్నీ దాన్ని బట్టి మారతాయి. కాని చాలాసార్లు ఉపరితల ఉష్ణోగ్రత అనేది కింద జరుగుతున్న మరో పనికి బయటి గుర్తు మాత్రమే. కేరళ తీరంలో రుతుపవనాల్లో నీరు చల్లబడటం అంటే అడుగు నుంచి పోషకాలతో కూడిన నీరు పైకి వస్తోందని అర్థం. ఆ పోషకాల మీద వృక్షప్లవకాలు, వాటి మీద కవళ్ల పిల్లలు ఆధారపడతాయి. అక్కడ చల్లదనం మేతకు గుర్తు.

బంగాళాఖాతంలో ఈ గుర్తు అంత సూటిగా పనిచేయదు. గంగా, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు, వర్షపు నీరు పైన తేలికైన పొరగా పరుచుకుంటాయి. ఆ పొర అడుగు నీటిని పైకి రానివ్వదు. చలికాలంలో ఉత్తర భాగంలో పైపొర చల్లబడినా ఉప్పు తక్కువగా ఉండటం వల్ల తేలికగానే ఉండి, దాని కింద నీరు ఇంకా వెచ్చగా ఉండటం కూడా కనబడుతుంది. అంటే పైన చల్లగా ఉంది కాబట్టి పోషకాలు వచ్చాయని అనుకోవడానికి వీల్లేదు. మన తీరంలోనూ అప్‌వెల్లింగ్, అంటే అడుగు నీరు పైకి రావడం, లేకపోలేదు. 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ ఇక్కడి విద్యార్థులతో కలిసి వాల్తేరు ఎదుటి సముద్రంలో నీరు పైకి రావడం, కిందికి దిగడం అనే రెండింటినీ కొలిచారు. తీర ప్రవాహం ఉత్తరానికి సాగే వేసవి ఆరంభంలో నీరు పైకి వస్తుంది. ఈశాన్య రుతుపవనాలకు ముందు, ప్రవాహం దక్షిణానికి తిరిగి మంచినీటిని వెంట తెచ్చినప్పుడు కిందికి దిగుతుంది. కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల చల్లదనాన్నీ డిసెంబరు, జనవరి నెలల చల్లదనాన్నీ ఒకే ఖాతాలో వేయవద్దు. వీలైతే వృక్షప్లవకాలు ఎంత ఉన్నాయో చూపే ఉపగ్రహాల క్లోరోఫిల్ సమాచారాన్ని, ఆర్గో తేలియాడే యంత్రాలు ఇచ్చే లోతు వారీ ఉష్ణోగ్రత, లవణత వివరాలను కూడా పక్కన పెట్టుకోవాలి. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, వీటిని అందుబాటులో ఉంచుతుంది. మత్స్యకారులకు ఆ సంస్థ ఇచ్చే చేపల ఉనికి సూచనలు కూడా ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ రెండింటినీ కలిపి చూసి ఇచ్చేవే.

చేపల లెక్కను శుభ్రం చేయడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టాలి. రేవుకు చేరిన చేపల బరువు సముద్రంలో ఉన్న చేపల కొలత కాదు. అది సముద్రంలో చేప ఎంత ఉంది, మనుషులు ఎంత వేటాడారు, ఏ వలతో వేటాడారు, మార్కెట్ ఏమడిగింది అనే నాలుగింటి కలయిక. ఒక రేవులో ఒక ఏడాది 6,000 పడవ దినాల (ఒక పడవ ఒక రోజు చేసే వేట ఒక పడవ దినం) వేటలో 1,200 టన్నులు, పదేళ్ల తరువాత 10,000 పడవ దినాల్లో 1,500 టన్నులు వచ్చాయని అనుకుందాం. మొత్తం దిగుబడి పాతిక శాతం పెరిగింది. కాని ఒక్కో పడవ దినానికి 200 కిలోలు రావలసిన చోట 150 కిలోలే వచ్చాయి, అంటే పాతిక శాతం తగ్గింది. ఉష్ణోగ్రతతో పోల్చవలసింది ఈ రెండో అంకెను. ఆ పదేళ్లలో ఇంజన్ల బలం పెరిగి, రింగు వలలు వచ్చి, చేపల గుంపును చూపే సోనార్లు చేరితే ఒక్క పడవ దినం కూడా పాత పడవ దినంతో సమానం కాదు, దాన్ని కూడా సవరించాలి. కవళ్లలో మరో ప్రమాదం ఉంది. అవి ఎంత తగ్గినా గుంపుగానే ఉంటాయి, గుంపు దొరికిన పడవకు వల నిండుగానే వస్తుంది, అందువల్ల మొత్తం సంఖ్య పడిపోతున్నా ఒక్కో పడవ దిగుబడి చాలాకాలం బాగానే కనబడుతుంది. వెతకడానికి పట్టిన సమయం దొరికితే అదే మెరుగైన కొలత.

దేశంలో జాతుల వారీ సముద్రపు దిగుబడిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ నమూనా పద్ధతిలో అంచనా వేస్తుంది. 1947లో మొదలైన ఈ సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ లెక్కను తీసుకున్నాక మన తీరంలో వేట ఆగిన కాలాలను గుర్తించి పెట్టాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంది, మునుపు ఈ కాలం ఇంతకన్నా తక్కువ. కాబట్టి పాత జూన్ నెలనూ కొత్త జూన్ నెలనూ నేరుగా పోల్చలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రేవులోని పడవలు ఎన్నో దెబ్బతిన్నాయి. ఆ తరువాతి నెలల తక్కువ దిగుబడికి సముద్రపు వేడిని కారణంగా చూపితే అది ఆ మనుషుల కష్టాన్ని చూడకపోవడమే. 2020లో లాక్‌డౌన్, ఆ వెంటనే వేట నిషేధం వచ్చాయి. ఇలాంటి నెలలను ఖాళీగా వదిలేయండి, అంచనాతో నింపవద్దు. అంకెలను పట్టుకుని రేవుకు వెళ్లి అనుభవం ఉన్న సరంగులతో ఒక పూట కూర్చుంటే ఏ ఏడాది ఏమైందో వాళ్లు ఇట్టే చెబుతారు, ఆ మాటలు తారీఖులతో సహా రాసుకోండి.

ఆలస్యాన్ని ఎంచి, సంబంధాన్ని పరీక్షించడం

ఉష్ణోగ్రత విచలనానికీ దిగుబడికీ మధ్య ఎన్ని నెలల తేడా పెట్టాలన్నది కంప్యూటరు కాక చేప జీవితం చెప్పాలి. నూనె కవళ్లు రుతుపవనాల్లో గుడ్లు పెడితే ఆ పిల్లలు అదే ఏడాది చివర, తరువాతి ఏడాది మొదట్లో వలకు వస్తాయి. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా విచలనాన్ని ఆ తరువాతి వేట కాలంతోనే పోల్చాలి. పన్నెండు రకాల ఆలస్యాలు, అయిదు పెట్టెలు, నాలుగు జాతులు కలిపి చూస్తే 240 పోలికలు అవుతాయి, వాటిలో పన్నెండు వరకు ఏ సంబంధం లేకపోయినా యాదృచ్ఛికంగానే అయిదు శాతం పరీక్షలో (సంబంధం లేకపోయినా అలా కనబడే అవకాశం నూటికి అయిదు లోపు ఉంటేనే నెగ్గే పరీక్ష) నెగ్గుతాయి. అందుకే ముందే ఒకటి రెండు ఆలస్యాలను కారణంతో సహా రాసి, వాటినే పరీక్షించాలి.

పరీక్షలో మరో జాగ్రత్త ఉంది. నలభై ఏళ్ల లెక్కలో నలభై స్వతంత్ర సాక్ష్యాలు ఉండవు, ఎందుకంటే వేడి ఏడాది తరువాత వేడి ఏడాది, మంచి వేట తరువాత మంచి వేట రావడం సహజం. ప్రతి వరుసలో ఈ ఏడాదికీ నిరుటి ఏడాదికీ ఉన్న సహసంబంధాన్ని (ఒకటి మారితే మరొకటి ఎంత కలిసి మారుతుందో చూపే అంకెను) లెక్కించి, ఆ రెండు అంకెలను గుణించండి. ఉష్ణోగ్రతకు 0.6, దిగుబడికి 0.5 వచ్చాయనుకుంటే గుణకారం 0.3. ఒకటిలోంచి దాన్ని తీసివేస్తే 0.7, ఒకటికి కలిపితే 1.3. నలభైని 0.7తో గుణించి 1.3తో భాగిస్తే సుమారు 21.5 వస్తుంది. అంటే నిజానికి మీ దగ్గర ఉన్నది ఇరవై ఒక్క ఏళ్ల పాటి సాక్ష్యమే. నలభై ఏళ్లకైతే 0.31 దాటిన సహసంబంధం అయిదు శాతం పరీక్షలో నెగ్గేది, ఇప్పుడు అది సుమారు 0.43 దాటాలి. చలన సగటు తీసిన వరుసలను పోలిస్తే ఈ సాక్ష్యం ఇంకా కరిగిపోతుంది. కంటికి అందంగా కలిసిపోయే నున్నని గీతలు మోసం చేసేది ఇక్కడే. ధోరణులు మిగిలి ఉన్న రెండు వరుసలనూ పోల్చకూడదు, సముద్రం వేడెక్కుతూ ఉంటే, పడవల సంఖ్య కూడా పెరుగుతూ ఉంటే రెండూ కలిసి పెరిగినట్టే కనబడతాయి. ఏడాదికీ ఏడాదికీ తేడాలను తీసి వాటిని పోల్చినా సంబంధం నిలిస్తే దానికి విలువ ఇవ్వవచ్చు.

అలా నిలిచిన సంబంధం కూడా శాశ్వతం కాదని కాలిఫోర్నియా తీరం నేర్పింది. లా హోయాలోని స్క్రిప్స్ సంస్థ రేవుకట్ట దగ్గర కొలిచిన ఉష్ణోగ్రతకూ పసిఫిక్ సార్డిన్ల పునరుత్పత్తికీ 1995లో శాస్త్రవేత్తలు సంబంధం చూపారు. 1998లో ఆ కొలతల మూడేళ్ల సగటును వేట పరిమితి నిర్ణయించే సూత్రంలోనే చేర్చారు. కొత్త ఏళ్ల సమాచారంతో 2010లో మళ్లీ పరీక్షిస్తే ఆ సంబంధం కనబడలేదు. రేవుకట్ట దగ్గరి నీరు సార్డిన్లు గుడ్లు పెట్టే బయటి సముద్రానికి సరైన ప్రతినిధి కాకపోవడం ఒక కారణం. తరువాత సూత్రంలో ఓడలతో కొలిచిన బయటి సముద్రపు ఉష్ణోగ్రతలను తెచ్చిపెట్టారు. 2015లో సార్డిన్ల సంఖ్య బాగా పడిపోయి అక్కడి ప్రధాన వేటనే మూసివేశారు. ఇలాంటి సంబంధాల్లో చాలా వరకు మళ్లీ పరీక్షిస్తే నిలవలేదని, ఒక జాతి వ్యాపించిన ప్రాంతపు అంచుల్లో చూసినవి మాత్రం ఎక్కువగా నిలిచాయని 1998లో వచ్చిన ఒక పరిశీలన తేల్చింది.

ఈ అంచుల మాట మనకు పనికొస్తుంది. 1985 దాకా నూనె కవళ్ల దిగుబడి దాదాపు అంతా మలబారు తీరానిదే, 14 డిగ్రీల అక్షాంశానికి ఉత్తరాన దాదాపు లేదు. ఆ తరువాత రెండు దశాబ్దాల్లో 14, 20 డిగ్రీల మధ్య దిగుబడి పెరుగుతూ వచ్చిందని, తూర్పు తీరంలోనూ ఇవి కనబడటం మొదలైందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఆంధ్ర తీరం ఆ జాతికి అంచు కాబట్టి ఇక్కడ పరీక్షించడం మలబారు మధ్యలో పరీక్షించడం కన్నా మేలు. మలబారులో లెక్క ఎంత ఊగుతుందో చూడండి: కేరళలో 2012లో 3.9 లక్షల టన్నులు పట్టిన నూనె కవళ్లు 2021లో 3,297 టన్నులకు పడిపోయాయి, 2023 నాటికి మళ్లీ లక్ష టన్నులు దాటాయి. ఈ పడిలేవడాన్ని నిలకడగా పెరిగే వేడి ధోరణి ఒక్కటే వివరించలేదు. 2015 ఎల్‌నినో, మేత లభ్యత, పిల్ల చేపల వేట అన్నీ లెక్కలోకి రావాలి. పెరూలోనూ అంతే జరిగింది. 1970లో కోటి టన్నులు దాటిన ఆంకోవీ దిగుబడి 1972, 73ల ఎల్‌నినోతో 1973 నాటికి 20 లక్షల టన్నుల లోపుకు వచ్చింది, అయితే అప్పటికే మితిమీరిన వేటతో ఆ జాతి బలహీనపడి ఉంది.

దిగుబడి తగ్గడం, పెరగడం మాత్రమే ఉష్ణోగ్రత ప్రభావం కాదు. చెన్నై తీరంలో థ్రెడ్‌ఫిన్ బ్రీమ్ చేపలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గుడ్లు పెట్టడం తగ్గి, చల్లని అక్టోబరు, మార్చిల మధ్య ఎక్కువగా పెట్టడం కనబడింది. 1997 చివర్లో డైపోల్, ఎల్‌నినో కలిసి వచ్చి పడమటి హిందూ మహాసముద్రంలో థర్మోక్లైన్, అంటే పైని వెచ్చని నీటికీ కింది చల్లని నీటికీ మధ్య పొర, లోతుకు దిగినప్పుడు ట్యూనా వేట ఓడలు తూర్పు భాగానికి తరలిపోయాయి. ఈ రెంటిలోనూ మొత్తం బరువు చూస్తే ఏమీ తెలియకపోవచ్చు. అందుకని మీ పట్టికలో బరువుతో పాటు చేపల పొడవు, గుడ్లతో ఉన్న ఆడచేపల శాతం, పట్టిన లోతు, ఒడ్డు నుంచి దూరం కూడా నెలనెలా నమోదు చేయడం మొదలుపెట్టండి. చేతికి కొలబద్ద, నెలకు రెండు బుట్టల చేప దొరికితే ఒక సహకార సంఘం ఈ పని చేయగలదు.

ఫలితాన్ని రాయడం, వాడడం

మొదట చివరి అయిదారేళ్ల సమాచారాన్ని పక్కన దాచి, మిగతా ఏళ్లతో సంబంధాన్ని కట్టండి. ఆ తరువాత దాచిన ఏళ్లను అది ఎంత దగ్గరగా చెప్పిందో చూడండి. నిరుటి దిగుబడే ఈ ఏడాదీ వస్తుందనే అతి సాదా అంచనా కన్నా మీ ఉష్ణోగ్రత సూత్రం మెరుగ్గా చెప్పలేకపోతే దాన్ని సలహాలకు వాడవద్దు. మెరుగ్గా చెబితే, ఎంత తప్పుతో చెప్పిందో కూడా అదే వాక్యంలో రాయండి. వాడిన సేకరణ పేరు, పెట్టె హద్దులు, సగటుకు తీసుకున్న ముప్పై ఏళ్లు, వదిలేసిన నెలలు, ముందే ఎంచుకున్న ఆలస్యం, వేట శ్రమను సవరించిన తీరు ఒక పేజీలో పెట్టండి.

మత్స్యకారులకు చెప్పేటప్పుడు రోజుల స్థాయి సూచననూ దశాబ్దాల స్థాయి ఫలితాన్నీ వేరుగా చెప్పాలి. రేపు ఎటు వెళ్లాలన్న దానికి ఇన్‌కాయిస్ సూచన, తుపాను హెచ్చరిక ఉన్నాయి, మీ పట్టిక దానికి పనికిరాదు. కనీసం అయిదు రోజుల పాటు నీటి వేడి ఆ తేదీలకు ముప్పై ఏళ్ల లెక్కలో తొంభయ్యో శాతపు హద్దును, అంటే నూటికి తొంభై సార్లు దాటని వేడిని, దాటి నిలిస్తే దాన్ని సముద్ర ఉష్ణ తరంగం అంటారు, రోజువారీ సమాచారంతో వాటినీ మీ పెట్టెకు లెక్కించి జాబితా పెట్టుకోవచ్చు. మీ దీర్ఘకాలిక ఫలితం ఉపయోగపడేది కొత్త పడవకు అప్పు తీసుకోవాలా, ఒకే జాతి మీద ఆధారపడిన రింగు వల కొనాలా, పిల్ల చేపల వేటను ఏ నెలల్లో ఆపాలి అన్న నిర్ణయాల దగ్గర. ప్రతి ఏడాది వేట నిషేధ కాలంలో, పడవలు ఒడ్డున ఉన్న ఆ రెండు నెలల్లో, కొత్త అంకెలను చేర్చి మొత్తం లెక్కను మొదటి నుంచి తిరిగి నడపండి, నిరుడు నిలిచిన సంబంధం ఈ ఏడాది నిలవకపోతే ఆ సంగతిని సంఘం సమావేశంలో అదే రోజు చెప్పండి.